కుక్కల గుండె మందు కొనేవారికి హెచ్చరిక: బ్యాచ్ నంబరు లేని పిమోబెండాన్ సీసా తీసుకోకండి

గుండె వైఫల్యం ఉన్న కుక్కకు పిమోబెండాన్ వాడుతున్నవారు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో చవకగా వస్తుందని చూస్తున్నవారు, దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మా చిట్టి 11 ఏళ్ల స్పిట్జ్, బరువు 10 కిలోలు. చిన్న జాతి కుక్కలకు వయసు పైబడ్డాక తరచుగా వచ్చే, గుండెలోని మైట్రల్ కవాటం జబ్బే దానికీ వచ్చింది. కవాటం సరిగా మూసుకోక, రక్తం వెనక్కి మళ్లి, కిందటేడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అప్పటి నుంచి పిమోబెండాన్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండు, తిండికి గంట ముందు వేస్తున్నాము. నీరు తీయడానికి ఫ్యూరోసెమైడ్ కూడా ఉంది. అది మనుషుల మందుల షాపులో ఎక్కడైనా దొరుకుతుంది. పిమోబెండాన్ అలా దొరకదు, ఖరీదు కూడా ఎక్కువ. మేము ఎప్పుడూ కొనే పశువుల మందుల షాపులో సరుకు అయిపోయి, ఇంట్లో నాలుగు రోజుల మాత్రలే మిగిలినప్పుడు, సగం ధరకే ఇస్తామన్న ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించాను. వాళ్లు డాక్టరు చీటీ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

వచ్చింది షీటు కాదు, 60 విడి మాత్రలు పోసిన తెల్ల ప్లాస్టిక్ సీసా. దాని మీద అంటించిన కాగితంపై మందు పేరు, మోతాదు తప్ప మరేమీ లేదు: బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు పేరు, చిరునామా ఏవీ లేవు. పశువుల మందు మీద ‘మనుషుల వాడకానికి కాదు, జంతువుల చికిత్సకు మాత్రమే’ అన్న మాటలు, పశువు తల గుర్తు ఉండాలని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. అవి కూడా లేవు. మాత్రను గీత దగ్గర విరిస్తే రెండు ముక్కలు కాకుండా చెమ్మగిల్లిన పిండిలా వేళ్లకు అంటుకుంది. చిట్టి ఎప్పుడూ ఇష్టంగా నమిలేది, దీన్ని రెండుసార్లు ఉమ్మేసింది. అయినా నేను పెరుగన్నంలో కలిపి పెట్టాను. ఆ తప్పు నాది.

నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయమని, ఆ లెక్క నిమిషానికి 30 దాటి పెరుగుతూ పోతుంటే వెంటనే ఫోన్ చేయమని మా డాక్టరుగారు మొదటే చెప్పారు. ఎప్పుడూ 24 దగ్గర ఉండే లెక్క ఆరో రోజుకు 36, ఎనిమిదో రాత్రికి 52 అయింది. పడుకోలేక, ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చునే ఉంది. ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఆక్సిజన్, ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మళ్లీ నీరు చేరి తెల్లగా కనిపించాయి.

జబ్బు దానంతట అదే ముదిరి కూడా ఇలా జరగవచ్చని, పరీక్ష చేయించకుండా నింద పూర్తిగా మాత్రల మీద వేయలేమని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. నేను కూడా అంతకు మించి అనడం లేదు. కానీ గుండె కొట్టుకునే బలాన్ని పెంచి, రక్తనాళాలను సడలించే మందు ఇది. పూట పూటకూ అందవలసిన ఈ మందు ఆ సీసాలో అసలు ఉందో లేదో తెలుసుకునే దారి కొన్నవాడికి లేకపోవడమే అసలు ప్రమాదం. అమ్మకందారును బ్యాచ్ నంబరు అడిగితే ‘అదే సాల్ట్ (అంటే అదే మూల మందు) మేడమ్, సీల్ తీశాక వాపసు లేదు’ అని బదులిచ్చి, తర్వాత ఫోన్ ఎత్తలేదు.

మందు దొరకక ఇబ్బంది పడుతున్నవారు పది రోజుల నిల్వ ఉండగానే మీ డాక్టరుగారికి చెప్పి, ఆయన సూచించిన చోటే, తయారీదారు ప్యాకింగ్‌లోనే తీసుకోండి. మాత్రను నీటిలో కలిపి సిరప్‌లా చేసి ఇస్తామనే వారిని కూడా నమ్మకండి; ఇది నీటిలో సరిగా కరగని మందు.

మిగిలిన 43 మాత్రలను, సీసాను, బిల్లును ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదుతోపాటు ఇచ్చాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేశాను. ఇలాంటి సీసా మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే నిద్రలో శ్వాస లెక్కపెట్టి డాక్టరుగారికి చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి, అసలు ప్యాకింగ్‌లో ఉన్నది అదే రోజు తెప్పించుకుని మార్చండి.