'టక్కు'మన్న చప్పుడును ఏడేళ్లు నమ్మాను: నా ర్యాచెట్ క్రింపింగ్ టూలు

ఈ టూలు ఎంత మందం వైరు వరకూ నొక్కుతుంది, ఏ రంగు లగ్గుకు (వైరు కొసకు తొడిగి నొక్కే లోహపు ముక్కకు) ఏ గుంట వాడాలి అన్నవి పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదంతా దాని పిడి లోపల దాగి ఉన్న చిన్న పళ్లచక్రం గురించే. పిడిని పూర్తిగా మూసేదాకా దవడలను వదలని ఆ చక్రం మీద నాకున్న ప్రేమా, ఈ మధ్య దానితో వచ్చిన పేచీ రెండూ ఇందులో ఉన్నాయి.

పలాస-కాశీబుగ్గలో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. మా బావ విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగాలో విమానాల ఎలక్ట్రికల్ పని చేసి, రిటైరై వచ్చి, జీడితోటలో రేకుల షెడ్డు వేసుకుని రెండు సీట్ల చిన్న విమానం ఒకటి కట్టుకుంటున్నారు. దాని వైరింగు నా వంతుకు వచ్చింది, 2018 మొదట్లో ఈ టూలు కొన్నదీ అందుకే. ముందే ఒక మాట చెప్పేస్తాను: ఆ విమానం ఇంకా గాలిలోకి లేవలేదు, అనుమతి కాగితాలు పూర్తయ్యేదాకా లేవదు కూడా. తోకను సిమెంటు స్తంభానికి కట్టి ఇంజిను నడిపిన గంటలే మా అనుభవం.

అంతకుముందు షాపులో లగ్గులన్నీ కటింగ్ ప్లేరుతోనే నొక్కేవాణ్ని. పొద్దున నొక్కినది ఒకలా, సాయంత్రం చేయి అలిసిపోయాక నొక్కినది మరోలా ఉండేది. టంకం పెడతానంటే బావ ఒప్పుకోలేదు. కరిగిన సీసం పోగుల మధ్య పైకి పాకి, అది ఆగిన చోట వైరు పుల్లలా బిరుసెక్కుతుందనీ, ఇంజిను అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుందనీ ఆయన వాదన. అది నిజమే. ఈ టూలు చేతికి వచ్చాక ఆ తర్జనభర్జనలన్నీ పోయాయి. సగం నొక్కి వదిలేద్దామంటే దవడలు తెరుచుకోవు. చివరిదాకా నొక్కితే 'టక్కు'మని వదులుతుంది. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయి, రెండు రోజులు ఉప్పునీటి తడిలో పడి ఉన్నా, కిరోసిన్‌తో కడిగి నూనె చుక్క వేయగానే మళ్లీ అదే చప్పుడు వినిపించింది. 'దీనితో నొక్కిన లగ్గు జన్మలో ఊడదు' అని షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఆ మాటనే ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవలసి వస్తోంది.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం ఇంజిను నడుపుతూ, అదనంగా పెట్టిన ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు స్విచ్చి వేశాం. వేసిన క్షణంలోనే నూనె వేడి చూపే మీటరు ముల్లు 82 నుంచి 91 డిగ్రీలకు లేచింది, పంపు ఆపగానే మళ్లీ 82కు దిగింది. నేను నూనె పలచబడిందేమోననీ, సెన్సరు పాడైందేమోననీ అనుమానిస్తూ ఉంటే బావ నవ్వారు. "నూనె వేడెక్కాలంటే నిమిషాలు పడతాది. స్విచ్చెయ్యగానే లేచిందంటే అది వేడి కాదురా, కరెంటు."

ఆ సెన్సరుకు ఉన్నది ఒకే వైరు, దాని రెండో కొస ఇంజిను ఒంటికే ఎర్త్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, మీటరు ఆ తగ్గుదలను వోల్టేజీగా చదివి డిగ్రీలు చూపుతుంది. అయితే మీటరు తన ఎర్త్‌ను ప్యానెల్ దగ్గర తీసుకుంటుంది. ప్యానెల్ ఎర్త్‌కూ ఇంజిను ఒంటికీ మధ్య ఏ కాస్త వోల్టేజీ పుట్టినా ఆ మేరకు సిగ్నలు తగ్గినట్టు కనిపించి, మీటరు దాన్ని వేడి అనుకుంటుంది. మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు ఇంజిను మీద, మరొకటి ప్యానెల్ ఎర్త్ బోల్టు మీద ఆన్చాము. పంపు ఆపి ఉంటే 8 మిల్లీవోల్టులు, వేస్తే 210. అక్కడి నుంచి ప్రోబును అంగుళం అంగుళం జరుపుకుంటూ వచ్చాము. 190 మిల్లీవోల్టులు ఒక్కచోటే పడుతున్నాయి: బోల్టు కింద ఉన్న పసుపు రంగు రింగు లగ్గుకూ దాని 12 గేజి (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు) వైరుకూ మధ్య. నా చేత్తో, ఈ టూలుతోనే, 'టక్కు'మనేదాకా నొక్కిన లగ్గు అది.

కోసి, ప్లాస్టిక్ తొడుగు చీల్చి చూశాను. బాగా నొక్కిన లగ్గులో పోగులన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగి ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఇందులో పోగులు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి, వాటి సందుల్లో ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము. అప్పుడు టూలు వైపు చూస్తే, దాని పక్కన ప్లస్, మైనస్ గుర్తులతో ఉండే చిన్న సర్దుబాటు చక్రం మైనస్ వైపు మూడు పళ్లు తిరిగి ఉంది. దాన్ని కదలకుండా పట్టి ఉంచవలసిన మేకు వదులుగా ఉంది. షాపులోని కుర్రాణ్ని అడిగితే దాచలేదు: "శానా గట్టిగుంది గురూగారూ, సెయ్యి నొప్పెడతంది. అందుకే కాస్త ఒదులు సేసినాను." వాడిని ఏమీ అనలేకపోయాను. ట్రాక్టరు ట్రాలీ వైర్లు నొక్కమని ఆ టూలు వాడి చేతికిచ్చింది నేనే.

నా పేచీ ఇక్కడే. పళ్లచక్రం చూసేది పిడి పూర్తిగా మూసుకుందా లేదా అన్నదొక్కటే, లోపల రాగి ఎంత నలిగిందో దానికి తెలియదు. దవడల బిగువు తగ్గించినా అదే 'టక్కు', అంతే ధీమాగా. ఆ చప్పుడుకు అలవాటు పడి నేను లగ్గును లాగి చూడటమే మానేశాను. ప్లేరుతో నొక్కిన రోజుల్లో ప్రతిదీ లాగి చూసేవాణ్ని. న్యాయంగా చెప్పాలంటే తప్పంతా టూలుది కాదు. మీటర్లకు వేరే ఎర్త్ వైరు తీయమని బావ మొదట్లోనే అన్నారు, పంపుకూ వాటికీ కలిపి ఒకే వైరుతో సరిపెట్టింది నేను. వేరుగా తీసి ఉంటే ముల్లు లేచేది కాదు. అలా లేవకపోతే ఈ వదులు లగ్గు బయటపడేదీ కాదు. ఏది మేలో ఇప్పటికీ తేల్చుకోలేను.

చక్రాన్ని మళ్లీ ప్లస్ వైపు తిప్పి, ముక్క వైర్ల మీద నమూనా లగ్గులు నొక్కి, చింతపండు బుట్టలు తూచే స్ప్రింగు కాటాకు తగిలించి లాగాము. విమానాల లగ్గులకు అమెరికా పాత సైనిక ప్రమాణం ఎం.ఐ.ఎల్.-టి-7928 పెట్టిన లెక్కలో 18 గేజి వైరు 38 పౌండ్లకు, 14 గేజి 70కి, 12 గేజి 110 పౌండ్లకు, అంటే దాదాపు 50 కిలోలకు, నిలవాలి. సరిదిద్దాక నొక్కిన పసుపు లగ్గులు కాటా చివరి గీత అయిన 50 దాకా కదలలేదు. కుర్రాడు ఉంచిన బిగువుతో నొక్కిన లగ్గు 21 కిలోల దగ్గర వైరును మెత్తగా వదిలేసింది. ఆ రెండింటినీ నొక్కేటప్పుడు కళ్లు మూసుకుని విన్నా చప్పుడులో తేడా తెలియలేదు.

టూలును పారేయలేదు, ఇప్పటికీ దానితోనే పని చేస్తున్నాను. మేకు మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను, అది పగిలితే ఎవరో తిప్పారని తెలుస్తుంది. షాపుకు వేరే టూలు కొన్నాను. ఒక్క మనిషే వాడే చోట, పని మొదలుపెట్టే ముందు ఒక నమూనా లగ్గును లాగి చూసే ఓపిక ఉన్నవారికి ఇది మంచిదనే అంటాను. నలుగురి చేతుల్లో తిరిగే షాపులకు మాత్రం, సర్దుబాటు చక్రం అసలే లేనిది దొరికితే అది చూడమంటాను. మా తీరంలో ఉప్పుగాలి వల్ల వదులు లగ్గు త్వరగా చిలుము పట్టి బయటపడింది, పొడి గాలి ఉన్న ఊళ్లలో ఎన్నాళ్లకు పడేదో.

కుర్రాడు ఆ చక్రం ఎప్పుడు తిప్పాడో వాడికే గుర్తు లేదు. అందుచేత విమానంలోని పాత లగ్గులన్నింటిలో కరెంటు పారించి మిల్లీవోల్టులు చూసి, ఆపైన చేత్తో లాగి చూస్తున్నాను. నిన్నటికి తొంభై ఆరు చూడటం అయింది, రెండు ఊడివచ్చాయి. రెక్కల చివరి దీపాల వైర్లు ఇంకా మిగిలి ఉన్నాయి.