బ్రూజ్‌లో హార్ప్సికార్డ్ వినడానికి వెళ్తే: గది కన్నా సీటు ముఖ్యం

పాత యూరప్ సంగీతం మీద కాస్తయినా ఇష్టముండి, ఆగస్టులో బెల్జియం వెళ్లే ఆలోచన ఉంటే, ముందు బ్రూజ్‌లో జరిగే ఎంఏ ఫెస్టివల్ తేదీలు చూసుకుని ఆ తర్వాతే మిగతావి బుక్ చేసుకోండి. ఎంఏ అంటే మ్యూజికా ఆంటిక్వా, అంటే ప్రాచీన సంగీతం. దీనితో పాటు 1964 నుంచి ఒక అంతర్జాతీయ పోటీ కూడా నడుస్తోంది, ఒక్కో ఏడాది ఒక్కో వాయిద్యం వంతు. మేం వెళ్లింది హార్ప్సికార్డ్ (పియానో కన్నా ముందు నుంచీ ఉన్న, కీలు నొక్కి వాయించే తీగల వాయిద్యం) వంతు వచ్చిన ఏడాది. 1971లో స్కాట్ రాస్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఇక్కడే మొదటి బహుమతి గెలిచాడు, అంతకుముందు హార్ప్సికార్డ్‌కి ఆ బహుమతి ఎవరికీ ఇవ్వలేదట. తర్వాత ఇటలీ స్వరకర్త డొమెనికో స్కార్లట్టి కీబోర్డు కోసం రాసిన సొనాటాలు 555 మొత్తం రికార్డు చేసింది ఆయనే. నేను హార్ప్సికార్డ్ వినడం మొదలుపెట్టింది ఆ రికార్డింగులతోనే కాబట్టి, ఆ ఊరికి వెళ్లాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను, డబ్బులు గది మీద కన్నా సీటు మీద పెట్టండి. హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే లోపల సన్నటి చెక్కముక్క పైకి లేచి, దానికున్న చిన్న ములుకు తీగని మీటుతుంది. పూర్వం ఆ ములుకు కాకి ఈక కాడతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెద్దగా పెరగదు, అందుకే వాయించేవాళ్ల గొప్పతనమంతా ఏ స్వరాన్ని ఎంతసేపు పట్టుకున్నారు, ఎప్పుడు వదిలారు అనే దాంట్లో ఉంటుంది, అది దగ్గర నుంచి వింటేనే తెలుస్తుంది. బ్రూజ్‌లోని కచేరీ భవనం కాన్సర్ట్‌గెబౌలో ఉన్న చిన్న హాలు దీనికి బాగా కుదిరింది. మూడు వందల పైచిలుకు సీట్లు, చాలా భాగం గోడల వెంబడి అంతస్తులుగా మెలికలు తిరుగుతూ పైకి వెళ్తాయి, కింద మధ్యలో వాయిద్యం. రెండో అంతస్తులో రెయిలింగ్ పక్కన కూర్చుంటే రెండు వరసల కీల మీద వేళ్లు మారడం కూడా కనిపించింది. చర్చిలో జరిగిన కచేరీకి మాత్రం నేను మార్కులు తక్కువే ఇస్తాను. కట్టడం కళ్లు తిప్పుకోనివ్వదు, కానీ వెనక వరసలో కూర్చున్న మాకు స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినిపించాయి, కుర్చీలు కూడా గట్టివి. ఆర్గాన్ అయితే చర్చిలో వినండి, హార్ప్సికార్డ్ అయితే చిన్న హాల్లోనే.

పెద్ద పేర్లున్న సాయంత్రం కచేరీల కన్నా నాకు పోటీ రౌండ్లే ఎక్కువ నచ్చాయి. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ స్వరకర్త లూయీ కూపరిన్ రాసిన తాళం లేని ప్రెల్యూడ్‌లు (ముందుమాటలాంటి చిన్న రచనలు) ఉన్నాయి, స్వరాలన్నీ ఒకేలా గుండ్రంగా రాసేసి ఏది ఎంతసేపు అన్నది వాయించేవాళ్లకే వదిలేస్తాడు. ఒకమ్మాయి అది వాయిస్తుంటే మా అత్తగారు, పాశ్చాత్య సంగీతం ఏమీ తెలియని మనిషి, "ఇది ఆలాపనేనే" అన్నారు. మధ్యమధ్యలో ట్యూనర్ వచ్చి శ్రుతి సరిచేస్తాడు. జనం కాఫీకి వెళ్లిపోతారు గానీ మీరు ఉండిపోండి, ఒక్కో తీగ కుదురుకోవడం వినడం కూడా బాగుంటుంది.

ఫెస్టివల్‌లో వాయిద్యాలు తయారుచేసేవాళ్లు తమవి తెచ్చి పెట్టారు. అక్కడ ఒకాయన క్లావికార్డ్ అనే మరో పాత కీబోర్డు వాయిద్యం వాయించి చూడమన్నారు. ఇందులో తీగని మీటడం ఉండదు, కీ చివరనున్న ఇత్తడి రేకు తీగని తాకి అక్కడే ఆగుతుంది, వేలు తీసేదాకా. కాబట్టి నొక్కిన వేలిని కొద్దిగా ఆడిస్తే స్వరం ఊగుతుంది. చిన్నప్పుడు వీణ మీద గమకం పలికించడానికి నానా తంటాలు పడ్డ నాకు, కీబోర్డు మీద అది వేలి కింద తగిలేసరికి లేవబుద్ధి కాలేదు.

ఇక బస. మొదట ఊరి నడిబొడ్డున కాలువ పక్కనున్న పాత ఇంట్లో దిగాం. ఫొటోల్లో ఉన్నంత అందంగానే ఉంది, కానీ లిఫ్ట్ ఉందని రాసి, తీరా వెళ్తే నిచ్చెనలాంటి మెట్లు చూపించారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పై గదిలో ఏసీ లేదు, ఆగస్టు ఎండకి రాత్రి కూడా ఉక్కపోత. అడిగితే సరైన సమాధానం లేదు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. మిగతా రోజులకి స్టేషన్ దగ్గర మామూలు హోటల్‌కి మారాం. చూడ్డానికి ఏమీ లేదు, కానీ లిఫ్ట్, శుభ్రమైన బాత్‌రూమ్, హాలుకి నడిచి వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్తే కళ్లు మూసుకుని అటువైపే తీసుకోండి, ఊళ్లో దారులన్నీ రాళ్లు పరిచినవి, సూట్‌కేసు లాగడం నరకం. రేట్లు మరీ ఎక్కువగా ఉంటే పక్క ఊరు గెంట్‌లో ఉండొచ్చు, రైల్లో అరగంట కూడా పట్టదు, కాకపోతే కచేరీ అయ్యాక చివరి రైలు ఎప్పుడో చూసుకోకపోతే టెన్షన్.

కాన్సర్ట్‌గెబౌ సిబ్బంది గురించి మాత్రం చెప్పాలి. అడగకముందే అత్తగారిని లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లి, మెట్లు ఎక్కనక్కర్లేని సీటు చూపించారు.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్త: బెల్జియం ఫ్రైస్ చాలా చోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు, అడిగే తీసుకోండి. రెస్టారెంట్‌లో మంచినీళ్లకి కూడా బిల్లు పడుతుంది. కచేరీ అయ్యేసరికి చాలా కిచెన్లు మూసేస్తారు, మేం తెచ్చుకున్న పులిహోర పేస్టే ఆదుకుంది.

ఊరి మధ్యలో ఉన్న గంటల గోపురం, బెల్ఫ్రీ టవర్, ఎత్తు 83 మీటర్లు, 366 మెట్లు. మా ఆయన ఎక్కారు. పైన 47 గంటలున్నాయి, వాటికీ ఒక కీబోర్డు ఉంది, చెక్క కర్రలని పిడికిలితో కొట్టి వాయిస్తారు. వినడానికి ఎక్కనక్కర్లేదు, కింద ప్రాంగణంలో కూర్చుంటే చాలు, టికెట్ లేదు.

ఒక రోజు మిగుల్చుకుని బ్రస్సెల్స్‌లోని వాయిద్యాల మ్యూజియానికి వెళ్లండి, రైల్లో సుమారు గంట. ఒకప్పుడు ఆంట్వెర్ప్ నగరంలో రుక్కర్స్ కుటుంబం చేసిన హార్ప్సికార్డ్‌లు ఆ మ్యూజియంలో ఉన్నాయి, వాటి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. 1625లో ట్రుచాడో చేసిన ఒక విచిత్రమైన వాయిద్యం కూడా అక్కడుంది, కీ నొక్కితే తీగ తిరిగే చక్రానికి ఒరుసుకుని పలుకుతుంది. ఈ మ్యూజియానికి తొలి సంపదలో ఒక భాగం మన దేశం నుంచి వెళ్లిందే: 1876లో బెంగాల్‌కి చెందిన శౌరీంద్రమోహన్ ఠాగూర్ బెల్జియం రాజు లియోపోల్డ్‌కి వందదాకా భారతీయ వాయిద్యాలు పంపారు. సోమవారం మూత, అది చూసుకుని రోజు పెట్టుకోండి.