కరెంట్ కోతల మధ్య క్వాంటం ఎస్ప్రెస్సో: అమలాపురం నుంచి ఆరేళ్ల అనుభవం

మా వీధిలో తీగల మీద కొబ్బరి మట్ట పడితే చాలు, కరెంట్ పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మ్యాన్‌కే తెలియదు. అలాంటి చోట కూర్చుని, పదార్థాల గుణాలను లెక్కగట్టే క్వాంటం ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా నడిచే లెక్కలు చేస్తున్నాను కాబట్టి, ముందుగా ఒక ఖాళీ ఫైలు సంగతి చెప్పాలి. లెక్క నడుస్తుండగా, దానికి మనం పెట్టిన ప్రిఫిక్స్ పేరు చివర డాట్ ఎగ్జిట్ తగిలించి ఖాళీ ఫైలు ఒకటి పెడితే, క్వాంటం ఎస్ప్రెస్సో చేసిందంతా సర్దుకుని ఆగుతుంది. తర్వాత రీస్టార్ట్ అంటే అక్కడి నుంచే అందుకుంటుంది. ఇన్వర్టర్ కీచుమనగానే నేను చేసే పని అదే. ఇది తెలియక మొదటి ఏడాది ఎన్ని రాత్రులు నీళ్లపాలయ్యాయో!

ఈ సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు, సోర్సు కోడ్ అంతా తెరిచే ఉంటుంది. పరమాణువులేవో, ఎక్కడెక్కడున్నాయో చెబితే, 1964-65లో భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ కోన్, ఆయన సహచరులు వేసిన బాటలో ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి శక్తిని లెక్కగడుతుంది. ఇన్‌పుట్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, అంతే.

ఒక్కటే టెన్షన్: మన పొరపాటు దానికి పట్టదు. జింక్ ఆక్సైడ్‌కి ఒకసారి అల్ట్రాసాఫ్ట్ సూడోపొటెన్షియల్ (పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ల ప్రభావాన్ని సులువుగా లెక్కలోకి తెచ్చే ఫైలు) వాడి, సాంద్రత కటాఫ్ (ఎలక్ట్రాన్ సాంద్రతను ఎంత సూక్ష్మంగా లెక్కించాలో చెప్పే హద్దు) సంగతి పట్టించుకోలేదు. మనం చెప్పకపోతే అది ఎలక్ట్రాన్ తరంగాలకి పెట్టిన కటాఫ్‌కి 4 రెట్లే తీసుకుంటుంది. ఈ రకానికి 8 నుంచి 12 రెట్లు కావాలి. అయినా చివర్లో దర్జాగా ‘జాబ్ డన్’ అని వచ్చింది. సంబరంగా తీసుకెళ్లి మా గైడ్ గారికి చూపించాను. “కటాఫ్ పెంచి చూశావా?” అన్నారు. ఇంటికొచ్చి పెంచితే లాటిస్ కొలత (స్ఫటికంలో పదేపదే వచ్చే గడి పొడవు) కదిలిపోయింది. మూడు వారాల పని మళ్లీ మొదటికొచ్చింది.

పిల్లలకి మాత్రం సిలికాన్‌తోనే మొదలుపెడతాను. రెండే పరమాణువులు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా టీ తాగేలోపు అయిపోతుంది. “సార్, గ్యాప్ 0.6 వచ్చింది, పుస్తకంలో 1.1 ఉంది” అంటూ ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా పరిగెత్తుకొస్తారు. గ్యాప్ అంటే ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలాలంటే దాటాల్సిన శక్తి అంతరం, ఎలక్ట్రాన్ వోల్టుల్లో. ఆ తేడా పీబీఈ ఫంక్షనల్‌ది (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావానికి వాడే ఉజ్జాయింపు సూత్రం), పాపం సాఫ్ట్‌వేర్‌ది కాదు. జింక్ ఆక్సైడ్‌కైతే మరీ ఘోరం: 3.3 ఉండాల్సింది 1 కూడా దాటదు. ఇంతకంటే బరువైన లెక్క చేసే హైబ్రిడ్ ఫంక్షనల్ పెడితే బాగుపడుతుంది గానీ, నా డెస్క్‌టాప్ మీద సంక్రాంతికి మొదలుపెడితే ఉగాది పచ్చడి నాటికి తేలుతుందేమో. అందుకని హబ్బర్డ్ యు అనే తేలికపాటి దిద్దుబాటుతో సరిపెట్టుకుంటాను.

అక్కడా ఒక తిరకాసు. 7.1 వెర్షన్ నుంచి హబ్బర్డ్ వివరాలు రాసే పద్ధతే మార్చేశారు. ఇప్పుడు ఫైల్లో దానికి విడిగా ఒక కార్డు (అంటే ఒక విభాగం) రాయాలి. కొత్త పద్ధతి బాగానే ఉంది, కాదనను. పాత ఫైళ్లు మాత్రం ఒక్కటీ కదల్లేదు. సెలవుల్లో కూర్చుని కొన్ని దిద్దాను, మిగతావి ఇంకా పాత ఫోల్డర్‌లోనే పడున్నాయి.