శనివారమా, ఆదివారమా?

సండే స్కూల్లో పెద్ద పిల్లలు ఈ మధ్య నన్ను వదలడం లేదు. "పది ఆజ్ఞల్లో ఏడో రోజు విశ్రాంతి అనుంటే మనం ఆదివారం చర్చికి ఎందుకు పోతున్నం అక్కా?" హనుమకొండలో బాప్టిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, కేథలిక్కులు అందరిదీ ఆదివారమే. సెవెంత్ డే అడ్వెంటిస్టులు మాత్రం శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా విశ్రాంతి దినం పాటిస్తారు. కాలేజీలో పక్కపక్కన కూర్చునే పిల్లలకు ఈ డౌటు రాక మానదు.

బైబిలు లెక్కలో వారం ఆదివారంతో మొదలవుతుంది, ఏడో రోజంటే శనివారమే. శనివారానికి వాక్యం సూటిగా ఉంది, ఆజ్ఞలున్న నిర్గమకాండం 20 చదివి కాదనలేం. ఆదివారానికి ఆధారం ఆ రోజు జరిగిన యేసు పునరుత్థానం. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ రోజు మార్చేశాడని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది గానీ, క్రీ.శ. 321లో అతనిచ్చింది ఆదివారం సెలవు చట్టం. అంతకు 150 ఏళ్లకు పైగా ముందే క్రైస్తవులు ఆ రోజు కూడుకుంటున్నారని రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిపెట్టాడు. (ఆ చట్టంలో సేద్యానికి మినహాయింపు ఉంది. నాట్లప్పుడు మన ఊళ్లల్లోనూ అంతే కదా.)

కాజీపేట రైల్వే వాళ్లలాగా షిఫ్ట్ డ్యూటీలుంటే దొరికిన రోజే. రోజుల విషయంలో ఎవరి మనసుకు వాళ్లు నిశ్చయించుకోవాలనే రోమా 14 చాలు.

నేను ఆదివారం మనిషినే. కానీ నాకు అసలు తేల్చేది, అదే ఆజ్ఞ మళ్లీ వచ్చే ద్వితీయోపదేశకాండం 5. నిర్గమలో విశ్రాంతికి కారణం సృష్టి. ఇక్కడ ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం: నువ్వూ ఒకప్పుడు దాసుడివే, కాబట్టి నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి. ఇది పాఠం చెప్పి వచ్చిన శనివారం సాయంత్రమే, మా ఇంట్లో అంట్లు తోమే ఆమె చెప్పులేసుకుంటూ అడిగింది: "రేపు మీకు చర్చి కదమ్మా, జల్ది రావాల్నా?" మా ఆదివారం కోసం ఆమె అయిదింటికే లేస్తోంది. నేను కోడికూర పొయ్యి మీద పెట్టి, ఆమె గిన్నెలు కడుగుతుండగా బైబిలు సంకన పెట్టుకుని పోతున్నాను.

ఈ లెక్కలో అడ్వెంటిస్టులు మనకన్నా నయం. శుక్రవారాన్ని సిద్ధపాటు రోజంటారు, వంటా శుభ్రం అన్నీ పొద్దుగూకేలోపు ముగించేస్తారు. అది నేను అరువు తెచ్చుకున్నాను. దసరా నుంచి శనివారం రాత్రే కూర, పప్పుచారు వండి ఫ్రిజ్‌లో పెడుతున్నా. ఆదివారం ఆమెకు సెలవు, జీతం కోత లేదు. గిన్నెలు సోమవారం దాకా సింకులోనే.

మా మామయ్యకు మాత్రం నచ్చలేదు. "శనివారమే వండినంక శనివారమే వేడివేడిగా తింటే అయిపాయె గదా" అంటాడు.