బడి పిల్లల చేతిలో 8×42 బైనాక్యులర్: కొన్నేళ్లు వాడాక

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా నేచర్ క్లబ్ కోసం స్టాఫ్ అంతా తలా కొంత వేసుకుని కొన్న బైనాక్యులర్ ఇది. చాలా బ్యాచ్‌ల పిల్లల చేతుల్లో నలిగింది. పక్క మండలాల టీచర్లు ‘కొనొచ్చా మాస్టారూ’ అని అడుగుతుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు నంబర్ల సంగతి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని. షాపులో 10×50 తీసుకోమంటారు. పిల్లల కోసమైతే వద్దు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది, కనబడే మేర తగ్గిపోతుంది. ఆరో తరగతి పిల్లకి కొమ్మ దొరికేలోపే పిట్ట ఎగిరిపోతుంది. అలాగని జేబులో పట్టే 8×21 కూడా వద్దు. పొద్దువాలితే అందులో అంతా మసకే.

టెక్కలి దగ్గర వలస పక్షులు దిగే తేలినీలాపురంలో నిజానికి ఇది లేకపోయినా నడుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నుంచి వచ్చే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. తలెత్తితే చాలు, కనిపిస్తాయి. మరి బైనాక్యులర్ ఎందుకంటే, గూడబాతు పైముక్కు పొడుగునా వరసగా ఉండే ముదురు చుక్కల కోసం. మామూలు కంటికి అవి ఆనవు. ఆ చుక్కలు చూపించాకే సైబీరియా మాట ఎత్తుతాను. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర అందరూ అంటారు కదా! కానీ ఈ చుక్కల ముక్కు గూడబాతు దక్షిణాసియా పక్షి. గూడు కట్టి పిల్లల్ని చేసేది ఇక్కడే. అంటే ఆ చెట్ల మీద పుట్టినవి మన జిల్లా పిల్లలే అని చెబితే వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొస్తారు.

దీనికి పెట్టిన డబ్బు గిట్టిందని నాకు అనిపించింది మాత్రం ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో. అక్కడికి వానాకాలం మొదట్లో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లొకతి చాలాసేపు కళ్లు తీయకుండా చూసి, ‘దీని ముక్కు మూసుకోట్లేదేటి మాస్టారూ?’ అంది. నిజమే, పెద్ద కొంగకి రెండు దవడల మధ్య సందుంటుంది, ఆవలి వెలుతురు కనిపిస్తుంది. పక్కనున్న వాడు లాక్కుని చూసి, గూట్లో పిల్లకి ఆ సందు లేదన్నాడు. అదీ నిజమే. పెరిగేకొద్దీ వస్తుంది. వరిచేలో నత్తల్ని పట్టి తినే పక్షికి ఈ ముక్కుతో పనేమిటన్న చర్చ తిరుగు బస్సులో కూడా ఆగలేదు. పాఠంగా నేను చెప్పి ఉంటే ఇంతసేపు సాగేది కాదు.

రోజువారీ వాడకం అంతా బడి వెనక చెరువు దగ్గరే. గుడ్డికొంగ గట్టు మీద మట్టిరంగులో కూర్చుని, ఎగరగానే తెల్లగా ఎలా మారిందో ఎవరికి వాళ్లే చూసుకోవాలి. ఒకే బైనాక్యులర్‌కి క్లాసంతా ఎగబడితే తోపులాటే. అందుకే చూసేవాడు నోటితో చెప్పాలి, పక్కవాడు బొమ్మ గీయాలి. సూర్యుడి వైపు తిప్పితే ఆ రోజుకి చేతికివ్వను. కళ్లతో ఆటలొద్దు.

ఇక తలనొప్పులు. కుడి కంటి దగ్గర తిరిగే రింగు ఒకటుంటుంది. ప్రతివాడూ దాన్ని తిప్పేసి మసగ్గా ఉందంటాడు. సరిచేసి ఇన్సులేషన్ టేపు చుట్టేశాక టెన్షన్ తగ్గింది. చిన్నపిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ కాబట్టి మధ్య మడత పూర్తిగా దగ్గరకి వస్తుందో లేదో కొనేటప్పుడే చూడండి. కంటి దగ్గరి రబ్బరు రెండో ఏడాదికే జిగటగా అయింది, కంపెనీ వాళ్లకి రాస్తే జవాబు లేదు. సముద్రపు గాలికి అద్దాల్లో బూజు పడుతుంది. బీరువాలో ఊరికే పడేయకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో పెడుతున్నాం. బరువూ ఎక్కువే, ఏడు వందల గ్రాములకి దగ్గర. గంటసేపు మెడలో వేసుకుంటే పిల్లలు గోల పెడతారు.

సీతాకోకచిలుకలకి పనికిరాదు, మూడు నాలుగు మీటర్ల లోపలిది మసకే. కానీ తలకిందులు చేసి, కంటి అద్దాన్ని ఆకుకి బాగా దగ్గరగా పెట్టి పెద్ద అద్దంలోంచి చూస్తే భూతద్దంలా పనిచేస్తుంది. చీమ కాళ్ల మీది నూగు కూడా కనిపిస్తుంది. ఈ కిటుకు మా పిల్లలే కనిపెట్టారు. ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే చోటికి మాత్రం దీన్ని మోసుకెళ్లడం దండగ. అవి కాళ్ల ముందే పాకుతాయి.

ఇప్పుడు కొనాలంటే 8×32 తీసుకుంటాను. కాస్త వెలుతురు తగ్గినా బరువు బాగా తగ్గుతుంది. ఖరీదైనది ఒకటి కొనే డబ్బుతో మధ్యరకం రెండు వస్తే రెండే కొనండి. పెద్ద క్లాసులున్న బడికి ఒకటి ఏమూలకీ రాదు.