డూప్లికేట్లు పట్టాలంటే సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్‌లలో ఏది మేలు?

10 లక్షల ఫోన్ నంబర్ల జాబితా ఇచ్చి, రెండోసారి వచ్చినవేవో తేల్చమంటే ముగ్గురు ప్రోగ్రామర్లు మూడు దారులు పడతారు. ఎవరికి ఏ భాషలో చేయి తిరిగిందో, ఆ భాష చూపించే దారే వాళ్లకు ముందు తడుతుంది.

సీ అలవాటైన వాళ్లకు తట్టేది సార్టింగ్. 1970ల మొదట్లో డెనిస్ రిచీ తయారుచేసిన ఈ భాష ప్రామాణిక లైబ్రరీలో వరసలో పెట్టే క్యూసార్ట్ ఉంది గానీ, కావలసింది దాదాపు నేరుగా వెతికిపెట్టే హ్యాష్ టేబుల్ లేదు. కావాలంటే సొంతంగా రాసుకోవాలి. ఆ తంటా ఎందుకని నంబర్లన్నిటినీ వరసలో పెట్టేసి, పక్కపక్క వాటిని పోల్చుకుంటూ పోతారు.

పైథాన్ వాళ్లు సార్టింగ్ ఊసే ఎత్తరు. ఒక సెట్ (లోపల అది హ్యాష్ టేబులే) పెట్టుకుని, ఒక్కో నంబరునూ ‘ఇంతకుముందు వచ్చిందా’ అని చూస్తారు. నాలుగైదు లైన్లలో పని అయిపోతుంది. గొయ్యి కూడా ఇక్కడే ఉంది. సెట్ బదులు పొరపాటున లిస్టు పెట్టినా వెతికే లైను మారదు, అదే ‘ఇన్’ (in). సెట్‌లో నంబరు ఉందో లేదో సగటున ఒకటి రెండు అడుగుల్లో తేలిపోతుంది. లిస్టులో అయితే మొదటి నుంచీ వెతుక్కుంటూ రావాలి. నంబర్లన్నీ వేర్వేరైతే పోలికలు దాదాపు 50,000 కోట్లు! సీలో ఆ లోపలి లూప్‌ను మన చేత్తోనే రాయాలి కాబట్టి, రాసేటప్పుడే గుండె గుభేలుమంటుంది. పైథాన్‌లో అంత ఖర్చూ రెండక్షరాల వెనక దాక్కుంటుంది.

ఎస్‌క్యూఎల్‌లో ‘ఎలా’ అన్న ప్రశ్నే రాదు; ఏం కావాలో డేటాబేస్‌కు చెబితే చాలు. నంబరు మీద గ్రూప్ బై (ఒకే నంబరువన్నీ ఒక గుంపు), కౌంట్ ఒకటి దాటినవి అని హ్యావింగ్ (ఆ గుంపులే కావాలన్న షరతు), అంతే. తమాషా ఏమిటంటే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో, పని ఎలా చేయబోతోందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూస్తే లోపల కనిపించేది చాలావరకు సార్టో, హ్యాషో. అంటే సీ వాళ్ల ఉపాయం, లేదా పైథాన్ వాళ్లది. ఏది చవకో డేటాబేస్‌లోని ప్లానర్ అనే భాగం అంచనా వేసుకుని తీసుకుంటుంది.

డేటా ఇప్పటికే డేటాబేస్‌లో ఉంటే నా ఓటు ఎస్‌క్యూఎల్‌కే. అంతా బయటికి లాగి పైథాన్‌లో లూప్ తిప్పడం దండగ. ఫైల్లో ఉంటే పైథాన్. మెమరీ బొటాబొటీగా ఉన్న చిన్న పరికరమైతే సీ.

నేర్చుకునేవాళ్లు మాత్రం పైథాన్ వచ్చాక దాని పోలికలే ఉన్న ఇంకో భాషకు పోవద్దంటాను. ఒక నెల సీతో కుస్తీ పట్టి వచ్చి మళ్లీ పైథాన్‌లో ‘ఇన్’ టైపు చేస్తుంటే, చేయి ఒక్క క్షణం ఆగుతుంది: దీనికి కుడిపక్కన ఉన్నది లిస్టా, సెట్టా?