ఇంగ్లీషు కాలాలు: పన్నెండు గళ్ల పట్టిక మేలా, సహాయక క్రియల వరుస మేలా?

ఇంగ్లీషు క్రియారూపాలు నేర్చుకునేవారి ముందు రెండు దారులున్నాయి. మొదటిది బడిలో అందరం చూసిన పట్టిక: వర్తమాన, భూత, భవిష్యత్ కాలాలకు సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అని నాలుగేసి రూపాలు, వెరసి 12 గళ్లు. రెండోది భాషాశాస్త్రం చూపే దారి. దాని ప్రకారం క్రియ తన రూపం మార్చుకుని చెప్పే కాలాలు వర్క్, వర్క్‌డ్ అనే రెండే. మిగిలినవన్నీ సహాయక క్రియలను ఒక క్రమంలో పేర్చడం వల్ల ఏర్పడినవి.

పట్టికకు ఉన్న మేలును కాదనలేము. ప్రతి రూపానికీ ఒక పేరు దొరుకుతుంది, పోటీ పరీక్షల్లో ఆ పేర్లతోనే ప్రశ్నలు వస్తాయి. అయితే ఒక్కో గడికి ఒక్కో సూత్రం కంఠస్థం చేసిన విద్యార్థి, వ్యతిరేక వాక్యానికీ ప్రశ్నకూ మళ్లీ విడివిడి సూత్రాలు నేర్వవలసి వచ్చేసరికి 12 కాస్తా 36 అవుతాయి. కర్మణి వాక్యాల జాబితా మరొకటి. ఇంత మోసినా "కుడ్ హావ్ బీన్ వెయిటింగ్" వంటి మామూలు ప్రయోగానికి ఆ పట్టికలో చోటుండదు.

వరుస పద్ధతిలో గుర్తుంచుకోవలసింది ఒకే నియమం. విల్, హావ్, బీ, అసలు క్రియ అన్నది క్రమం. వీటిలో ఏది ఉన్నా లేకున్నా క్రమం తప్పదు, ప్రతి సహాయక క్రియా తన తరువాతి మాట రూపాన్ని నిర్ణయిస్తుంది: విల్ తరువాత మొదటి రూపం, హావ్ తరువాత మూడో రూపం, బీ తరువాత ఇంగ్ రూపం (కర్మణి వాక్యంలోనైతే బీ తరువాత మూడో రూపం). "విల్ హావ్ బీన్ వర్కింగ్" అన్నది చూడండి. విల్ వల్ల హావ్ మారకుండా నిలిచింది, హావ్ వల్ల బీ కాస్తా బీన్ అయింది, బీన్ వల్ల వర్క్ వర్కింగ్ అయింది. విల్ స్థానంలో కుడ్, మస్ట్, షుడ్ ఏది పెట్టినా లెక్క మారదు. కాలాన్ని మోసేది వరుసలోని మొదటి మాట ఒక్కటే. ప్రశ్న అడగాలంటే ఆ మాటే కర్తకు ముందుకు వస్తుంది, కాదనాలంటే దాని పక్కనే నాట్ చేరుతుంది, సహాయక క్రియే లేనిచోట డూ వచ్చి ఆ పని చేస్తుంది.

తెలుగువారికి ఈ దారి మరింత దగ్గరిదని నా నమ్మకం. "వస్తూ ఉన్నాడు", "వస్తూ ఉండేవాడు" అన్నప్పుడు మనం చేసేదీ ఇదే, కాకపోతే మన సహాయక క్రియ చివర నిలిచి కాలాన్ని మోస్తే "ఈజ్ కమింగ్", "వాజ్ కమింగ్"లలో అది ముందు నిలిచి మోస్తుంది. భవిష్యత్తుకు ప్రత్యేక రూపం లేకపోవడం కూడా మనకు వింత కాదు. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" అంటూ తద్ధర్మాన్నీ (అలవాటుగా జరిగేదాన్నీ) భవిష్యత్తునూ మనం ఒకే రూపంతో నడుపుకుంటున్నాము. "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో" అన్న వాక్యం పట్టిక చదివినవారిని తికమక పెడుతుంది, ఎందుకంటే గడి పేరు వర్తమానం, చెప్పే సంగతి రేపటిది.

గో, వెంట్, గాన్ వంటి సక్రమం కాని రూపాలను మాత్రం ఏ దారిలోనైనా బట్టీ పట్టక తప్పదు. (వెంట్ నిజానికి వెండ్ అనే మరో క్రియకు భూతరూపం, గో దాన్ని తన సొంతం చేసుకుంది.)

అందుచేత ముందు తరచు వాడే క్రియల మూడు రూపాలు, ఆపైన వరుస నియమం, పట్టికలోని పేర్లు చివరిగా, పరీక్ష అవసరం మేరకు నేర్పడం మేలని నా అభిప్రాయం. ఇక "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అన్న పొరపాటును ఈ రెండు పద్ధతుల్లో ఏదీ ఆపలేదు, ఎందుకంటే అక్కడ రూపం సరిగానే ఉంది. నిన్న అని గడచిన సమయాన్ని పేర్కొన్నప్పుడు హావ్ పొసగదు, "ఐ సా హిమ్ యెస్టర్‌డే" అనాలి. ఈ సంగతిని వాడుకలోని వాక్యాలు వినిపిస్తూ విడిగా అలవాటు చేయించవలసిందే.